మనవాడే!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న మాట మొదట అన్నదెవరో గానీ, ఆయన తప్పకుండా ఇళ్ళ కాంట్రాక్టరే అయి ఉంటాడని నాకు గట్టి అనుమానం. ఎందుకంటారా? స్లాబు కారినా, గోడ బీటలు వారినా, డబ్బు పుచ్చుకున్న మనిషి మాయమైనా, అందరూ ఈ ఒక్క సామెత చెప్పి మనల్నే ఓదారుస్తారు. "ఇల్లు కట్టడమంటే మాటలా అమ్మా!" అంటారు. అంటే తప్పు ఇంటిదీ, కర్మ మనదీనన్న మాట! కట్టినవాడు మాత్రం హాయిగా మరో వీధిలో శంకుస్థాపన కొబ్బరికాయ కొట్టిస్తూ ఉంటాడు.

నా సంగతే చెప్తాను. ఆరేళ్ళ క్రితం నూట యాభై గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టాం. మా వారి ఆఫీసులో ఒకాయనకి తమ్ముడి వరస అవుతాడంటూ ఒక కాంట్రాక్టరు వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట మాటకీ "అక్కగారూ". నేను కాఫీ అందిస్తూ, "ఇదివరకు మీరు కట్టిన ఇల్లొకటి చూపిస్తారా?" అన్నాను. మా వారు నాకేసి ఉరిమి చూశారు. అతను వెళ్ళాక, "మనవాడే! అలా అడిగితే ఏమనుకుంటాడు?" అన్నారు.

అతనేమీ అనుకోకుండా ఉండడం కోసం నాలుగు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. అదీ నగదు. అందులో నా నాలుగు పేటల గొలుసు కూడా ఉంది. అగ్రిమెంటు అంటారా? డైరీలోంచి చింపిన ఒక కాగితం. పైన "శ్రీరామ", కింద చదరపు అడుగుకి ఇంత అని ఒక అంకె.

ఆ అంకెలో ఏమేం కలిసి ఉన్నాయో గృహప్రవేశం నాటికి గానీ తెలిసి రాలేదు. వంటింటి గట్టు మీద రాయి ఎక్స్‌ట్రా. నీళ్ళ సంపు ఎక్స్‌ట్రా. ప్రహరీ ఎక్స్‌ట్రా. స్లాబు పోసిన మూడో నాటికే దాని మీద నీళ్ళు నిలబెట్టడం మానేశారు. మామూలు సిమెంటు అయితే కనీసం ఏడు రోజులు, ఫ్లై యాష్ కలిపిన సిమెంటు అయితే కనీసం పది రోజులు కాంక్రీటు తడి ఆరకుండా చూడాలని మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. నాకు తర్వాత తెలిసింది. అతనికి ముందే తెలిసి ఉండాలి కదా! మొదటి వానాకాలంలో నేను పోపు వేస్తుంటే కప్పులోంచి చినుకు మూకుట్లో పడింది. నూనె చిట్లి చెయ్యి కాలింది. ఫోను చేస్తే "మీరు డయల్ చేసిన నంబరు..." అంటూ ఎవరో అమ్మాయి తియ్యగా మాట్లాడింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వీధి చివర పిన్నిగారు ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్ముతారు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆవిడ రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఆటో నడిపేవాడికి లైసెన్సు ఉండాలి. ఇంటికి కరెంటు వైరింగు చేసే కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి. ఆర్కిటెక్టునని చెప్పుకోవాలంటే 1972 చట్టం కింద నమోదై ఉండాలి. ప్రభుత్వం తన భవనం కట్టించుకోవాలంటే తరగతుల వారీగా నమోదైన కాంట్రాక్టర్లకే పని ఇస్తుంది. మన స్థలంలో మన ఇల్లు కట్టిపెట్టే పెద్దమనిషికి మాత్రం "నీకు పని వచ్చా?" అని పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చే ఏర్పాటే లేదు. ఆవకాయ పాడైతే ఒక పూట కడుపునొప్పి. స్లాబు పాడైతే? అతనికున్న లైసెన్సల్లా ఒక్కటే - "మనవాడే!"

"మరి రెరా చట్టం ఉందిగా?" అని చదువుకున్న వాళ్ళు అడుగుతారు. ఉంది, 2016లో వచ్చింది. ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్ళ కోసం వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషను అక్కర్లేదని అందులోనే ఉంది. ఆ చట్టం కిందికి వచ్చే బిల్డరు, అగ్రిమెంటు రాసి రిజిస్టరు చెయ్యకుండా పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. అప్పగించిన అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే తన ఖర్చుతో బాగు చెయ్యాలి. ఎంత చక్కటి నియమాలు! మన కాంట్రాక్టరు మనకి ఏదీ అమ్మడం లేదు, మన స్థలంలో పని చేస్తున్నాడంతే. కాబట్టి ఆ చక్కదనం మన గుమ్మం దాకా రాదు.

మా చెల్లెలి కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది. మొన్న వంటిల్లు మార్పించుకుంటూ ముందుగా కాంట్రాక్టరు లైసెన్సు నంబరు అడిగి, ప్రభుత్వ బోర్డు దగ్గర సరిచూసుకుందట. అక్కడ ఆ బోర్డు 1929 నుంచీ ఉంది. నాలుగేళ్ళ అనుభవం చూపించి, పరీక్ష ప్యాసై, 25,000 డాలర్ల హామీ బాండు పెడితే గానీ లైసెన్సు ఇవ్వరు. ఇంటి మరమ్మతు పనికి అడ్వాన్సు పది శాతమో, వెయ్యి డాలర్లో, ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదు. "నీ వంటిల్లు చేసినవాడు మనవాడేనా?" అని అడిగాను. "ఎవడైతే ఏం పెద్దమ్మా, లైసెన్సు ఉందిగా" అంది.

"ఇక్కడ లైసెన్సు పెడితే లంచాలు పెరుగుతాయి, పేద మేస్త్రీ పొట్ట కొట్టినట్టవుతుంది" అని మా అన్నయ్య వాదన. లంచాల మాట కాదనను. కానీ నేను లైసెన్సు అడిగేది ఎండలో ఇటుక పేర్చేవాడిని కాదు, లక్షలు చేతిలో పెట్టించుకునేవాడిని. పైగా నికార్సయిన పనివాడికి లైసెన్సు వల్ల నష్టమేమిటి? ఇవాళ అతనూ, మాయమయ్యేవాడూ మన కళ్ళకి ఒక్కలాగే కనిపిస్తున్నారు. రెండు పెన్నులున్నవాడు ఇంకాస్త బాగా కనిపిస్తున్నాడు కూడా!

ప్రభుత్వం అడిగే రోజు వచ్చేదాకా మనమే అడగాలి. మనం అంటే ఆడవాళ్ళం. వంటిల్లు ఆగ్నేయంలో ఉందా అని పదిమందిని అడుగుతాం గానీ, ఆ వంటిల్లు కట్టేవాడి సంగతి ఒక్కరినీ అడగం. అతను కట్టిన ఇళ్ళు రెండు చూడండి, వీలైతే వానాకాలంలో. యజమానిని కాదు, ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. స్నానాలగది గోడ మీద చెయ్యి వేసి చూడండి. ప్లాను, ఇనుము, సిమెంటు, తలుపుల కర్ర, గట్టు రాయి, ఏవి లెక్కలో ఉన్నాయో, ఏవి లేవో స్టాంపు కాగితం మీద రాయించండి. అందులో లేని పనికి ముందు రాత, తర్వాత డబ్బు. పునాదికి ఇంత, స్లాబుకి ఇంత, పూతపనికి ఇంత అని పని అయిన కొద్దీ బ్యాంకు ద్వారా ఇవ్వండి. కొంత మొత్తం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. స్లాబు పోసేముందు కాంట్రాక్టరు మనిషి కాని ఇంజనీరు చేత ఇనుము చూపించండి.

గృహనిర్మాణం కూడా సేవ కిందికే వస్తుందని వినియోగదారుల చట్టంలో 1993లోనే చేర్చారు. 2019 నాటి కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. చెడిపోయిన పనికి రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యవచ్చు. లాయరు ఉండి తీరాలని లేదు. సలహాకి 1915 నంబరు ఉంది. మరి మేమెందుకు వెళ్ళలేదంటారా? వెళ్ళి ఏం చూపించను, "శ్రీరామ"నా?

కిందటి నెల కప్పు మళ్ళీ బాగు చేయించాలనుకున్నాం. మా వారు ఒకతన్ని వెంటబెట్టుకొచ్చి, నేను నోరు విప్పకముందే, "మనవాడే" అన్నారు.

"చాలా సంతోషం. మనవాడైతే సంతకం పెట్టడానికి మొహమాటం ఎందుకు?" అని కాగితం, పెన్ను ముందు పెట్టాను. ఆ వచ్చినతను కాగితం అంతా నింపాదిగా చదివి, "వాటర్ ప్రూఫింగుకి మూడేళ్ళ పూచీ అని కూడా రాయండమ్మా, రేపు మీకూ నాకూ మాట రాదు" అన్నాడు.

పని ఇచ్చాను. కాఫీ కూడా ఇచ్చాను. అడ్వాన్సు మాత్రం పది శాతమే.