యథాపూర్వసృష్టి, నూతనసృష్టి

విజయవాడలో కృష్ణాస్నానము చేయు వైదికుడు నీటిలో నిలిచి అఘమర్షణసూక్తమును జపించును. ఋగ్వేదము పదవ మండలములోని ఈ సూక్తమునకు మూడే ఋక్కులు. తపస్సు నుండి ఋతము, సత్యము పుట్టుట, పిదప రాత్రి, సముద్రము, సంవత్సరము కలుగుట, ధాత సూర్యచంద్రులను, ద్యావాపృథివులను, అంతరిక్షమును మునుపటి వలెనే కల్పించుట ఇందలి విషయము. ఆ ‘మునుపటి వలెనే’ అను మాటపై వేదాంతమున ఒక పెద్ద సిద్ధాంతము నిలిచియున్నది. అదే నది నుండి పారు పంటకాలువలో ఒక క్రైస్తవసంఘము బాప్తిస్మమిచ్చునపుడు, మునిగి లేచినవాడు నూతనసృష్టి అయినాడని బోధకుడు చెప్పును. నీరు ఒక్కటే, సృష్టిని గూర్చి చెప్పు మాట వేరు.

ప్రకటన గ్రంథపు చివరి అధ్యాయములలోని క్రొత్త ఆకాశము, క్రొత్త భూమి అను విశ్వాసమును గూర్చి మనవారు సాధారణముగ రెండు విధముల మాటలాడుదురు. ఇది మన కృతయుగమే, శ్వేతాశ్వముపై వచ్చు క్రీస్తు మన కల్కియే అని సమన్వయించువారు కొందరు. అది అమాయకులను భయపెట్టు ప్రళయకథ అని త్రోసివేయువారు మరికొందరు. రెండవ మాట అవివేకము గనుక దానిపై కాలము వెచ్చింపనక్కరలేదు. మొదటిది సౌజన్యముతో పలికినదే గాని, అదియును సరి గాదు. కల్కి ప్రవర్తింపజేయు కృతయుగము మరల త్రేతగా, ద్వాపరముగా క్షీణించును. 43,20,000 సంవత్సరముల మహాయుగములు 1,000 గడచిన బ్రహ్మకు ఒక పగలు. ఆ పగలు ముగియగానే లోకములు లీనమగును, మరల తెల్లవారును. బెజవాడలో ఏ చిన్న వ్రతము చేయించినను అర్చకుడు సంకల్పములో ద్వితీయపరార్ధము, శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగ ప్రథమపాదము అని చెప్పి, ఆపై కృష్ణాగోదావరుల మధ్యదేశమునకు దిగివచ్చును. యజమానికి అది తపాలా చిరునామా వలె వినబడును. కాలచక్రములో తానెచ్చట కూర్చుండెనో తెలుపు మాట అది. క్రైస్తవుని కాలమునకు ఈ చక్రము లేదు. ఒకసారి ఆరంభము, ఒకసారి పతనము, ఒకసారి శిలువ, చివరకు ఒకేసారి నూతనసృష్టి. ఆ పిమ్మట అచ్చట రాత్రి లేదు.

అయితే ఆ విశ్వాసమును దాని గ్రంథములలో చూడవలెను గాని గోడవ్రాతలలో గాదు. లోకము కాలిపోవును, ఆత్మ పరలోకమునకు ఎగిరిపోవును అని క్రైస్తవులే పలువురు తలచుచుందురు. క్రొత్త నిబంధన చెప్పునది అంతకంటె విశాలము. పరిశుద్ధనగరము పైనుండి భూమికి దిగివచ్చును, దేవుడు మనుష్యుల నడుమ కాపురముండును. సృష్టి అంతయు ప్రసవవేదనతో మూలుగుచున్నదనియు, నాశనము నుండి దానికిని విడుదల కలదనియు పౌలు రోమీయులకు వ్రాసెను. యెషయా దర్శనములోని క్రొత్త భూమిపై జనులు ఇండ్లు కట్టుకొందురు, ద్రాక్షతోటలు నాటుకొందురు. పేతురు రెండవ పత్రికలో భూతములు అగ్నిచే కరగుట చెప్పబడినది నిజమే. దానిని 17వ శతాబ్దపు లూథరన్ పండితులు కొందరు సమూలవినాశముగ వ్యాఖ్యానించిరి. ఇరెనేయుస్, థామస్ అక్వినాస్ వంటి పూర్వాచార్యులు మాత్రము ద్రవ్యము నశింపక రూపమే మారుననిరి. పుటము పెట్టిన బంగారము వంటిదని మనము గ్రహింపవచ్చును. ‘క్రొత్త’ అనుటకు అచ్చటి గ్రీకుమాట ‘కైనోస్’. ఇటీవల పుట్టినదనుట కంటె గుణముచేత నూతనమైనదనుట దాని ఛాయ.

శరీరవిషయమునను ఇదే వరుస. గీతాచార్యుడు దేహమును జీర్ణవస్త్రముతో పోల్చెను. పౌలు దానిని విత్తనముతో పోల్చెను. వస్త్రమును విడిచినవాడు దానిని మరల వెదకడు. నారుమడిలో చల్లిన వడ్లగింజ మాత్రము తానే మొలకై లేచును. గుణదల కొండకు ఫిబ్రవరి ఉత్సవములలో వెళ్ళు హిందువులు, ఇంద్రకీలాద్రిపై వలెనే అచ్చటను తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, మరియొక అమ్మకు మ్రొక్కితిమని తిరిగివత్తురు. 1924 నుండి ఆ కొండపైనున్న విగ్రహము వెనుక ఒక సిద్ధాంతమున్నది. మరియమాత సశరీరముగ పరమునకు కొనిపోబడెనని 1950లో పోపు విశ్వాససూత్రముగ ప్రకటించెను. మట్టిదేహమును దేవుడు పారవేయడని దాని తాత్పర్యము. మ్రొక్కువారు అది ఎరుగుట మంచిది.

తెలుగు బైబిలులో ఒక చిక్కుమాట కలదు. మత్తయి సువార్త 19వ అధ్యాయములో లోకము నూతనమగుటను ‘పునర్జననము’ అనిరి. మనవాడు చదివిన పునర్జన్మమే గుర్తుకు వచ్చును. దాని గ్రీకుమూలమైన పదమును స్తోయిక తత్త్వవేత్తలు విశ్వము అగ్నిలో లయించి మరల అట్లే పుట్టుటకు వాడియుండిరి. అనగా యథాపూర్వకల్పనము పాశ్చాత్యులకు వినని వార్త గాదు. దానిని ఎదుట నిలుపుకొనియే 5వ శతాబ్దములో అగస్టీను తన ‘దేవుని నగరము’ పండ్రెండవ భాగములో త్రోసివేసెను. మరల దుఃఖములోనికి జారు ఆనందము ఆనందమే గాదని ఆయన హేతువు. బాదరాయణుడు బ్రహ్మసూత్రములను ముగించినదియు అనావృత్తితోనే గదా. తిరిగిరాని పదమే పదమని ఇరువురును ఒప్పిరి. మన శాస్త్రములో తిరిగిరాకుండుట ముక్తజీవునికి మాత్రమే. జగత్తు తిరుగుచునే యుండును. విశిష్టాద్వైతులు జగత్తును భగవచ్ఛరీరముగ గౌరవించినను, ముక్తుడు విరజానదిని దాటి నిత్యవిభూతికి పోవలసినదే. లీలావిభూతి ఇచ్చటనే నిలుచును. క్రైస్తవదృష్టిలో జగత్తునకే మోక్షము. అపొస్తలుల కార్యములలో దీనికి తెలుగు అనువాదకులు వాడిన మాట ‘కుదురుబాటు’. ఇంతకంటె డెల్టా రైతుకు దగ్గరి మాట దొరకదు. నాటిన వరి వేళ్ళూని కుదురుకొనుట అతడు ప్రతి ఏట చూచుచున్నాడు.

ఈ భేదము ఎక్కడ పుట్టినది? కాలమును వృత్తముగ గీసిరా, రేఖగ గీసిరా అనునది పైపైని మాట. అసలు చిక్కు వైషమ్యనైర్ఘృణ్యాధికరణములో నున్నది. ఒకని సుఖిగను, ఒకని దుఃఖిగను సృజించిన ఈశ్వరునికి పక్షపాతము, నిర్దయత అంటవా అని అచ్చట పూర్వపక్షము. జీవుల కర్మను బట్టి సృజించును గనుక అంటవని సమాధానము. తొలిసృష్టికి ముందు కర్మ ఎచ్చటిదనగా, సంసారము అనాది అని సూత్రకారుడు బదులిచ్చెను. కావున సృష్టి మునుపటి వలెనే యుండవలెను. లేనిచో పూర్వకర్మకు ఫలమిచ్చు స్థలమే లేదు. దేవతాధికరణభాష్యములో శంకరులు అఘమర్షణసూక్తమును ఉదాహరించుట సమాననామరూపసృష్టిని స్థాపించుటకే. క్రైస్తవునికి పూర్వజన్మ లేదు. అతని దేవునిపైని అదే ఆక్షేపము పడును, వెనుకకు పోయి లెక్క చూపు వీలు లేదు. అందుచేత లెక్క ముందుకు పోయి తీరవలెను. నూతనసృష్టి అతనికి అలంకారము గాదు, ఈశ్వరుని నిర్దోషత్వమునకు ఆధారము. మనకు అనాదిత్వము చేయు పనిని అతనికి ఆ చివరి దినము చేయవలసియున్నది.

ఈ తర్కము గ్రంథములలోనే ఉండిపోవునది గాదు. 1977 నవంబరు 19న కృష్ణాపాయల నడుమనున్న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. అధికారిక గణన ప్రకారమే మృతులు దాదాపు 10,000. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామములలో కుటుంబములకు కుటుంబములే పోయినవి. అట్టి చోట బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ‘పూర్వకర్మ’ అనుట శాస్త్రము గాదు, క్రౌర్యము. కర్మసిద్ధాంతము తన నడతను దిద్దుకొనుటకును, ఈశ్వరునిపై దోషమారోపింపకుండుటకును చెప్పబడినది. పరుని దుఃఖమునకు తీర్పు చెప్పుటకు గాదు. రంతిదేవుని కథను భాగవతములో చదివినవాడు ఇందులో సందేహపడడు. కాని తల్లి అడుగు ప్రశ్న అంతటితో తీరదు. ఆ బిడ్డ ఆ ముఖముతో, ఆ పేరుతో మరల కనబడునా? పునరుత్థానమును నమ్మిన క్రైస్తవుడు కనబడునని చెప్పగలడు. ప్రకటన గ్రంథములోని క్రొత్త భూమిపై సముద్రముండదనుట విని మనము వింతపడుదుము. సముద్రము మనకు నారాయణుని శయనస్థానము, పర్వస్నానమునకు హంసలదీవికి పోవువారము. ఉప్పెనలో మిగిలినవానికి ఆ మాట ఎట్లు వినబడునో అతని ప్రక్కన కూర్చుండి ఊహింపవలెను.

వేదాంతి దీనిని అంగీకరింపవలెనని గాదు. కృతకమైనది అనిత్యమను న్యాయము అచ్చటను తలయెత్తును. చేయబడిన ఆ క్రొత్త భూమి మాత్రము ఎందుకు నశింపదు? దేవుని సంకల్పమే దానిని నిలుపునని వారు చెప్పుదురు. అట్లయిన ఆ సంకల్పము తొలి సృష్టిని పతనము నుండి ఏల నిలుపలేదని మనవాడు అడుగును. జీవునికి స్వాతంత్ర్యమిచ్చుటచేతనన్న, ఆ స్వాతంత్ర్యము క్రొత్త భూమిపై ఉండునా, పోవునా? అగస్టీను దీనినియు ఆలోచించి, పాపము చేయజాలకుండుటయే పరిపూర్ణస్వాతంత్ర్యమనెను. ముక్తుడు సంసారమును కోరజాలడను మన మాటకు ఇది చాల సమీపము. వాదము ఇచ్చట నుండి సాగవలసినది, కల్కి గుఱ్ఱము నుండి గాదు.

తల్లి ప్రశ్నకు మనవారి సమాధానము కూడ సిద్ధముగ లేదని ఒప్పుకొనవలెను. ఆ బిడ్డ ఎవరికిని బిడ్డ గాడు, ఆత్మ నిత్యమనుట జ్ఞానము కుదిరినవానికి అమృతమే. కుదరనివారికి సంప్రదాయము మాటకు ముందు క్రియనిచ్చినది. తిలోదకము, పిండము, సంవత్సరీకము, పుష్కరశ్రాద్ధము. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణాపుష్కరములలో ఆ నీటిలో నిలిచి పోయినవారి పేరు, గోత్రము చెప్పి నీరు విడిచినవారెందరో. యథాపూర్వసృష్టిలో రూపము మారి ఎచ్చటనో పుట్టియుండవచ్చునని శాస్త్రము చెప్పిన జీవుని, అతడు విడిచిన పేరుతోనే పిలిచి అర్ఘ్యమిచ్చుచున్నారు. ఆ పేరు ఎందుకు నిలుపుకొన్నామో మీమాంసకులు, వేదాంతులు కూర్చుండి విచారింపవలసియున్నది.