సిటీకి భూమిలో కేబుల్, మనకి అడవిలో తీగ



2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. మంచిదే. కానీ అదే తుఫాను అరకు వైపు కూడా ఎక్కింది కదా! కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు ఎలా కూలాయో పెద్దోళ్ళని అడగండి.

మన గూడేలకి వచ్చే 11 కేవీ లైను చాలాచోట్ల ఒక్కటే, అదీ చెట్ల మధ్యనుంచి. దారిలో ఒక్క చెట్టు తీగ మీద పడితే చాలు, ఆ తర్వాత ఉన్న ఊళ్ళన్నీ చీకటే. ఇంకో వైపునుంచి కరెంటు ఇచ్చే వీలుండదు. బాగుచేసేటప్పుడు ముందు సబ్‌స్టేషన్లు, ఆసుపత్రులు, తర్వాత జనం ఎక్కువున్న ఊళ్ళు. ఇరవై ఇళ్ళ గూడెం వంతు ఆఖర్నే. లైన్‌మ్యాన్లని అననుగానీ (స్తంభాలు భుజాన మోసే దారులు మనవి), ఆ లెక్కే మనకి అన్యాయం.

2017లో మరియా హరికేన్ తర్వాత ప్యూర్టోరికోలోనూ ఇంతే. కొన్ని కొండ ఊళ్ళకి కరెంటు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. కానీ అడ్హుంతాస్ అనే కొండ ఊళ్ళో కాసా ప్యూబ్లో అనే ప్రజాసంఘం భవనం మీద ముందే సోలార్ ఉంది. జనం అక్కడికెళ్ళి ఫోన్లు ఛార్జ్ చేసుకున్నారు, ఊపిరి ఆడని రోగుల పరికరాలు నడుపుకున్నారు.

రాతికొండలన్నీ తవ్వి కేబుల్ వెయ్యమని నేననను. ప్రతి ఆశ్రమ పాఠశాలకీ, పీహెచ్‌సీకీ బ్యాటరీతో సోలార్ పెట్టాలి. అడవి లైన్లకి తొడుగున్న తీగ వెయ్యాలి. అక్టోబర్ రాకముందే కొమ్మలు కొట్టాలి. దీని మీద గ్రామసభలో తీర్మానం రాయించండి, టీకాల ఫ్రిజ్ సంగతి కూడా అందులో చేర్చండి.