కాడి దించే ముందు కాస్త ఆలోచన

గవర్నమెంటు ఉద్యోగికి రిటైర్మెంటు తారీఖు ఉంటుంది. మన రాష్ట్రంలో 2022 జనవరి నుంచి అది 62 ఏళ్లు. ఆ రోజు ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి ఇంటిదాకా సాగనంపుతారు. మరి రైతుకో? తారీఖూ లేదు, దండా లేదు. మోకాళ్లు అరిగి గట్టు ఎక్కలేని రోజునో, హైదరాబాదు నుంచి కొడుకు ఫోన్ చేసి "ఇక చాలు నాన్నా, కౌలుకిచ్చెయ్" అన్న రోజునో రిటైర్మెంటు అయిపోతుంది. అదీ ఒక్క పూటలో. నిన్నటిదాకా రైతు, ఇవాళ్టి నుంచి అరుగు మీద పెద్దాయన.

గుడివాడ చుట్టుపక్కల చూడండి, బందరు పల్లెల్లో చూడండి, దివిసీమలో చూడండి. రామాలయం అరుగు మీద ఇలాంటి పెద్దలు కనబడతారు. వీళ్లలో చాలామందికి తిండికి లోటు లేదు. కౌలు బస్తాలు వస్తాయి, పిల్లలు ఎంతో కొంత పంపిస్తారు. లోటల్లా పొద్దు గడవడం దగ్గరే. తెల్లారి నాలుగింటికే మెలకువ వస్తుంది, వెళ్దామంటే చేను చేతిలో లేదు. డబ్బు దాచుకోమని బ్యాంకువాళ్లూ, ఇన్సూరెన్సువాళ్లూ చెబుతూనే ఉన్నారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

రైతు తన రిటైర్మెంటు తారీఖు తానే పెట్టుకోవాలి, అయిదేళ్ల ముందు నుంచే తయారవ్వాలి. చేను అప్పగించొచ్చు గానీ పనంతా అప్పగించకూడదు. నేను చెప్పొచ్చేది ఇదే.

అప్పగింత మెల్లగా జరగాలి

ముందు లెక్కల పుస్తకం ఇవ్వండి. సొసైటీ అప్పు, ఎరువుల కొట్టు బాకీ, మిల్లు లెక్క కొడుక్కో కూతురికో తెలియాలి. మరుసటేడు ఏ రకం వెయ్యాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. నాట్లా వెదజల్లడమా, కూలీలతో కోతా మిషనుతో కోతా అన్నది ఆ తర్వాత. ఒకసారి ఇచ్చేశాక గట్టు మీద నిలబడి "మా రోజుల్లో..." అని మొదలెట్టొద్దు. అడిగితే చెప్పండి, అడిగేలా ఉండండి.

సార్వా వరి కోతకు 2-3 రోజుల ముందు చేలో మినుము చల్లడం మన డెల్టా రైతుకు అలవాటైన పనే. పదును ఎక్కువైతే విత్తనం కుళ్లుతుంది, తక్కువైతే మొలక రాదు. ఆ పదును పెద్దాయన పాదానికి తెలుసు. పక్కన నిలబెట్టి నేర్పితేనే కుర్రాడికి వస్తుంది.

ఏం పని ఉంచుకోవాలి?

ఇంటి దగ్గర్లో 10 సెంట్లు మీ పేరున ఉంచుకోండి. బందరు వ్యవసాయ పరిశోధన స్థానానికీ, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికీ వెళ్లి రండి. కొత్త రకాలేం వచ్చాయో కనుక్కుని, ఆ 10 సెంట్లలో వేసి చూడండి. పండితే ఊరికి మేలు, పండకపోతే 10 సెంట్లే నష్టం. అప్పులున్న కుర్రాడు ఆ ప్రయోగం చెయ్యలేడు, మీరు చెయ్యగలరు.

కాలువ సంగతీ అంతే. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. ఏ తూము కింద ఎన్నెకరాలుందో, ఏ డ్రెయిను పూడితే ఎవరి చేను మునుగుతుందో పెద్దలకే తెలుసు. శివారు భూములున్న దివిసీమకు ఈ తెలివిడి మరీ అవసరం. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి కాడి పట్టినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. ఉప్పునీరెక్కిన చేలను మళ్లీ ఎలా దారికి తెచ్చుకున్నారో వాళ్లు బడిపిల్లలకు చెప్పాలి. అదీ పనే.

ఆవిడ సంగతి?

ఇంట్లో ఆవిడకు ఏ రిటైర్మెంటూ లేదు. మీరు ఇంటిపట్టున కూర్చుంటే ఆవిడకు రోజూ ఇంకో రెండు కాఫీలు అదనం. మీ తారీఖే ఆవిడకూ తారీఖు కావాలి. గేదె పని, పెరటి పని చెరిసగం చేసుకోండి. కాఫీ కలుపుకోవడం ఇప్పుడే నేర్చుకోండి. ఒంటరిగా మిగిలే రోజు ఎవరికైనా రావచ్చు. అందుకని ఇల్లు ఇద్దరి పేరునా ఉండేట్టు చూసుకోండి.

కాగితం మీద పెట్టండి

జర్మనీ, ఆస్ట్రియా పల్లెల్లో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. పొలం కొడుక్కిచ్చే రోజున తండ్రికి ఏ గది ఇవ్వాలో, ఎన్ని కట్టెలు, ఎన్ని పాలు పొయ్యాలో దస్తావేజులో రాసుకునేవారు. దాన్ని అక్కడెవరూ సిగ్గుపడే విషయంగా చూడలేదు. మనకూ 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు గిఫ్టు డీడులో రాయించండి. షరతు తప్పితే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు చెయ్యమని ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌ను అడగొచ్చు. బిడ్డల మీద నమ్మకం లేక కాదు, రేపు మాట రాకుండా.

కౌలు రైతు, కూలీ మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పగించడానికి వాళ్లకు చేను లేదు, తారీఖు పెట్టేది ఒళ్లే. 2024 జులైలో నెలకు 4000 రూపాయలైన వృద్ధాప్య పింఛను పూట గడుపుతుందేమో గానీ మర్యాద ఇవ్వదు. నారుమడి చూసే కన్ను, కోత తెలిసిన చెయ్యి వాళ్లదే. నీటి సంఘం మాటల్లో, రైతుల మీటింగుల్లో వాళ్లకూ ఒక కుర్చీ వెయ్యండి.

ఈ ఉగాదికి ఓ తెల్లకాగితం తీసి మూడు మాటలు రాయండి. ఏ ఏడు అప్పగిస్తాను? ఎవరికి? ఆ మర్నాడు పొద్దున లేచి నేనేం చేస్తాను? మొదటి రెండూ చాలామంది రాసేస్తారు. మూడోది రాయలేకపోతే తయారీ ఇంకా మొదలవనట్టే.