గిన్నె మీద పేరు, షేరు మీద పేరు

గిన్నె మీద పేరు కొట్టించుకునే జాతి మనది. పెళ్ళిలో చదివించిన పళ్ళెం మీద పేరు, గృహప్రవేశానికి ఇచ్చిన బిందె మీద పేరు. పక్కింటికి పచ్చడి పంపిన గిన్నె తిరిగి రాకపోతే దబాయించి అడగడానికి దాని అంచున కూడా పేరే! అలాంటి మనం లక్షలు చేసే షేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఎవరి పేరున ఉంటే ఏమిటండీ, ఇంట్లోనే కదా ఉండేది" అంటాం. గిన్నె మాత్రం ఇంట్లో ఉండదా?

ఆ మాట మీదే నా పోట్లాట.

షేరంటే బ్రహ్మవిద్య కాదు. మా మిర్యాలగూడలో నలుగురు కలిసి రైసుమిల్లు పెడితే భాగస్తుల పేర్లు కాగితం మీద రాసుకుంటారు. అందులో పేరు లేనివాడు లాభం మాట అటుంచి, నూకలు కూడా అడగలేడు. కంపెనీ సంగతీ అంతే. లెక్కలో ఎవరి పేరు ఉంటే వారికే డివిడెండు, వారికే బోనసు, వారికే వోటు. వెనకటికి షేరు కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద ఉండేవి. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చాక అవి డీమ్యాట్ ఖాతాలోకి చేరాయి. కాగితం పోయింది గానీ పేరు పోలేదు. పేరే మిగిలింది.

ఆ పేరు విలువ ఎంతో 2019లో మన హైదరాబాదే చూపించింది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ అనే పెద్ద బ్రోకరు సంస్థ, ఖాతాదార్లు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని, వాళ్ళ షేర్లను తన ఖాతాలోకి మళ్ళించి, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని సెబీ తేల్చింది. ఆ నవంబరులో కొత్త ఖాతాదార్లను చేర్చుకోవద్దని ఆంక్ష పెట్టింది. 2023లో ఆ సంస్థనూ దాని అధిపతినీ ఏడేళ్ళపాటు మార్కెట్టుకు దూరం పెట్టింది. 2019 డిసెంబరులోనే 80,000 మందికి పైగా ఖాతాదార్ల షేర్లు వెనక్కి వచ్చాయి. అసలు సొంతదారు ఎవరన్నది లెక్కల్లో ఉంది కాబట్టి వచ్చాయి.

బ్రోకరు చేస్తే మోసమని గగ్గోలు పెడతాం. ఇంట్లో అలాంటిదే జరిగితే సంసారం అంటాం! కొత్త కంపెనీ ఇష్యూకి వచ్చిందంటే చాలు, లాటరీలో ఇంకో చీటీ పడుతుందని భార్య పేరున ఖాతా తెరుస్తారు. పాన్ కార్డు ఆమెది, సంతకం ఆమెది. ఫోను నంబరు మాత్రం ఆయనది. ఓటీపీ ఆయనకు, మెసేజీ ఆయనకు, అమ్మకం నిర్ణయం ఆయనకు. ఆవిడకు మిగిలేది, "ఇక్కడ సంతకం పెట్టవే" అన్న పిలుపు. పేరు ఉండీ చెయ్యి లేకపోవడం కన్నా ఘోరం ఉందా?

ఇలా అంటే చాలు, "ఏందక్కా, మీ ఆయన మీద నమ్మకం లేదా?" అని నన్నే నిలదీస్తారు. మిల్లుకు ధాన్యం తోలిన రైతు కాటా వేయిస్తాడు. మిల్లు యజమాని దొంగ అనా? కాదు. కాటా సరిగ్గా ఉంటేనే మర్నాడు కూడా ఇద్దరూ కలిసి చాయ్ తాగుతారు. నమ్మకం వేరు, నమోదు వేరు. నమోదు ఉన్నచోట నమ్మకానికి బరువు తగ్గుతుంది, అంతే.

ఇంకొకరి వాదం, "నామినీని నేనే కదా!" అని. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, నామినీ అయినంత మాత్రాన షేర్లకు పూర్తి సొంతదారు అయిపోరని, వారసత్వ చట్టం ప్రకారం హక్కుదార్లు ఉండనే ఉంటారని. పైగా మీకు తెలియకుండా ఆయన కొని పెట్టిన షేర్ల మీద డివిడెండు వరసగా ఏడేళ్ళు ఎవరూ తీసుకోకపోతే, ఆ షేర్లు ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతాయి. తిరిగి రాబట్టుకోవచ్చు నిజమే. కాని పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి ఎన్ని ఫారాలు నింపగలదు చెప్పండి?

భర్త ఇచ్చిన డబ్బుతో భార్య కొంటే ఆ ఆదాయం భర్త పన్ను లెక్కలోనే కలుపుతారన్నది వాస్తవమే. కలపనివ్వండి. పన్ను లెక్క ఆయనదైతే షేరు కూడా ఆయనదే కావాలని రూలేమీ లేదు. మీ జీతం, మీ టైలరింగు సంపాదన, పుట్టింటి వారిచ్చిన డబ్బు అయితే ఆ పేచీ కూడా లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ చట్టం చేసింది. దేశమంతా ఆ మాట అనడానికి 2005 దాకా పట్టింది. అంత ముందు నడిచిన గడ్డ మీద పుట్టి, ఫోను నంబరు దగ్గర ఆగిపోదామా?

ఈ ఆదివారం అన్నాలు తిన్నాక తీరిగ్గా మూడు సంగతులు అడగండి. నా పేరున డీమ్యాట్ ఖాతా ఉందా? దానికి ఏ నంబరు ఇచ్చారు? డిపాజిటరీ పంపే స్టేట్‌మెంటు ఎవరికి వస్తోంది? జవాబు వచ్చేదాకా చాయ్ పెట్టకండి. నంబరు మార్పించడానికి ఒక ఫారం చాలు. దాని మీద సంతకం మాత్రం చదివి పెట్టండి.