మంద్రస్వరానికి చోటెంత?

గత సంచికలో ఇంటి ఆంప్లిఫయరుకు ఎన్ని వాట్లు అవసరమో ఈ శీర్షికలో చర్చించాము. దానిని చదివిన పాఠకులు పలువురు ఒకే ప్రశ్న వేశారు. బూర ఆకారపు స్పీకర్లు తక్కువ వాట్లతో ఎక్కువ ధ్వని ఇస్తాయి గదా, మరి మంద్రధ్వనికి, అనగా వాడుకలో ‘బేస్’ అనేదానికి, ఇంటిలో బూరనే ఎందుకు కట్టుకోరాదు అని వారి సందేహం.

ప్రశ్న సముచితమైనదే. అయితే ప్లైవుడ్డు, వడ్రంగి కూలి, స్పీకర్ల ధర కలిసి చిన్న మొత్తం కాదు. క్వార్టర్సులో ముందు గది ఒక్కటే. అందులోనే పిల్లల చదువు, అతిథుల రాకపోకలు. కట్టిన బూర పలకకపోతే దానిని తిరిగి కొనేవారు దొరకరు. కనుక రంపం పట్టకముందే కాగితం మీద లెక్క చూసుకోవడం మేలు. ఆ లెక్క కష్టమైనది కాదు.

బూర చేసే పని

కాగితపు కోనుతో చేసిన స్పీకరు బరువైనది, దాని ముందున్న గాలి బహు తేలికైనది. కోను కదిలినప్పుడు గాలి ఒత్తిడికి లోనుకాక పక్కలకు తొలగిపోతుంది. వేగంగా తిరిగే మోటారును నిదానంగా తిరగవలసిన మిల్లుకు గేరుపెట్టె లేకుండా కలిపితే ఏమవుతుందో మన కర్మాగారాలలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. సామాన్యమైన పెట్టె స్పీకరు తనకిచ్చిన విద్యుత్తులో సుమారు ఒక శాతాన్ని మాత్రమే ధ్వనిగా మారుస్తుంది. తక్కినదంతా కాయిలులో వేడిగా పోతుంది.

బూర ఆ గేరుపెట్టె వంటిది. ట్రాన్స్‌ఫార్మరు వంటిదన్నా సరిపోతుంది. ఇరుకైన గొంతు వద్ద గాలి తప్పించుకోలేదు కనుక కోను కొద్దిగా కదిలినా ఒత్తిడి హెచ్చుగా పుడుతుంది. బూర క్రమంగా విప్పారుతూ ఆ ఒత్తిడిని విశాలమైన ముఖం వద్ద బయటి గాలికి అప్పగిస్తుంది. ఈ విధంగా పది శాతం, అంతకు మించిన సామర్థ్యం కూడా సాధ్యమే. పది రెట్లు సామర్థ్యమంటే 10 డెసిబెల్ లాభం. 100 వాట్లు చేసే పనిని 10 వాట్లు చేస్తాయి.

గుడి గోపురం మీద కట్టిన మైకు బూర కొద్దిపాటి వాట్లతో ఊరంతటికీ వినిపించడంలోని రహస్యం ఇదే. కానీ అదే బూరలో మృదంగం వినండి. కుడివైపు పలుకు స్పష్టంగా వస్తుంది; ఎడమవైపు తొప్పి మాత్రం దాదాపు మాయమవుతుంది. బూర సూత్రంలో లోపం లేదు. ఆ బూర పరిమాణం తొప్పి నాదానికి చాలదు.

తరంగం పొడవే కొలబద్ద

గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు. దానిని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగం పొడవు వస్తుంది. 1000 హెర్ట్జ్ తరంగం 34 సెంటీమీటర్లు మాత్రమే. 40 హెర్ట్జ్ తరంగం సుమారు 8.6 మీటర్లు, అనగా మన ముందు గది కంటె పొడవు.

బూర ముఖం చుట్టుకొలత, అది పలకవలసిన అత్యల్ప స్వరపు తరంగం పొడవుకు సమానంగా ఉండాలన్నది పాత నియమం. ముఖం అంతకంటె బాగా చిన్నదైతే ధ్వనిలో కొంత భాగం బయటికి రాక గొంతువైపు తిరిగి పోతుంది. అప్పుడు కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని కుంగుతాయి. ఇది ఒక షరతు. బూర ఎంత మెల్లగా విప్పారాలన్నది రెండవది. ఎక్స్‌పొనెన్షియల్ బూరలో వైశాల్యం నిర్ణీత దూరానికొకసారి రెట్టింపవుతుంది. 40 హెర్ట్జ్ కోసం ఆ దూరం సుమారు 47 సెంటీమీటర్లు. త్వరపడి విప్పితే ఆ స్వరం బూరలో నిలవదు.

ఈ రెండు షరతులతో ఒక ఉదాహరణ వేసి చూద్దాము. 12 అంగుళాల స్పీకరు కోను వైశాల్యం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. గొంతు కూడా అంతే అనుకుందాము. 40 హెర్ట్జ్ వరకు పలికే బూరను ఆరుబయట, ఏ గోడా దగ్గర లేకుండా నిలపాలంటే దాని ముఖం 5.85 చదరపు మీటర్లు, పొడవు 3.25 మీటర్లు, లోపలి ఘనపరిమాణం దాదాపు 4000 లీటర్లు. అది స్పీకరు కాదు, ఒక గది.

గది మూలను బూరలో భాగం చేసిన వైనం

ఈ చిక్కును ఇంటికి తగినట్లు విప్పినవారిలో అమెరికన్ ఇంజనీరు పాల్ క్లిప్ష్ ముఖ్యుడు. ఆయన ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణంలో 1946లో తన సంస్థను ప్రారంభించి, ‘క్లిప్ష్‌హార్న్’ అనే మూల స్పీకరును తయారుచేశాడు. నేల, రెండు గోడలు కలిసే మూలలో ధ్వనికి వ్యాపించే చోటు ఎనిమిదవ వంతు మాత్రమే. కనుక ముఖం వైశాల్యం కూడా ఎనిమిదవ వంతైతే చాలు. ఆయన బూరను చెక్కపెట్టెలో మడతలుగా పెట్టి, చివరి భాగానికి గది గోడలనే వాడుకున్నాడు. ఆనాటి ఆంప్లిఫయర్లకు వాట్లు తక్కువ. సినిమా హాళ్లలోనూ అందుకే బూరలు వెలసినవి. వాట్లు ఖరీదైన కాలంలో చెక్క చౌక.

మన ఉదాహరణకే ఈ ఎనిమిదవ వంతు లెక్క వర్తింపజేద్దాము. 40 హెర్ట్జ్‌కు ముఖం 0.73 చదరపు మీటరు, పొడవు 1.83 మీటర్లు, ఘనపరిమాణం సుమారు 465 లీటర్లు అవుతుంది. మడతల చెక్క మందం, స్పీకరు వెనుక మూసిన అర దీనికి అదనం. పెద్ద బీరువా అంతటి వస్తువు ఇది. స్టీరియో కావాలంటే అటువంటివి రెండు, వాటికి తలుపులూ కిటికీలూ అడ్డురాని మూలలు రెండు కావాలి.

ముందు స్వరం, తరువాత చెక్క

అసలు విషయం ఇక్కడ ఉన్నది. 30 హెర్ట్జ్ వరకు దిగాలంటే అదే మూల బూర 1100 లీటర్లు దాటుతుంది. 40కి 465 లీటర్లు. 60 హెర్ట్జ్‌తో తృప్తిపడితే పొడవు 85 సెంటీమీటర్లు, ఘనపరిమాణం 125 లీటర్లు మాత్రమే. స్వరం సగానికి దిగితే పెట్టె తొమ్మిది రెట్లు పెరిగిందన్నమాట. కాబట్టి కట్టదలచినవారు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ‘ఏ స్పీకరు?’ అన్నది కాదు. ‘మేము వినే సంగీతంలో అట్టడుగు స్వరం ఏది?’ అన్నది.

ఒకటి శ్రుతికి మధ్యస్థాయి షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. పురుషుల తంబురలోని మంద్ర షడ్జమం దానిలో సగం, సుమారు 65. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, లలిత గీతాలు వినేవారికి 60 హెర్ట్జ్ వరకు స్వచ్ఛంగా పలికే స్పీకరు చాలునని మా అభిప్రాయం. బేస్ గిటారు అట్టడుగు తంత్రి 41 హెర్ట్జ్ వద్ద, పియానోలో చిట్టచివరి మెట్టు 27.5 హెర్ట్జ్ వద్ద ఉంటాయి. నేటి సినిమాల సౌండ్‌ట్రాకులలో ఉరుములు, పేలుళ్లు ఇంకా దిగువకు పోతాయి. వాటికోసం బూర కట్టబూనడం ఇల్లు ఖాళీ చేయడమే.

పెట్టె స్పీకర్లు ఎందుకు గెలిచినవి?

చిన్న పెట్టె, లోతైన మంద్రధ్వని, అధిక సామర్థ్యం, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి, మూడవదానిని వదులుకోవాలి. కే.ఎల్.హెచ్. సంస్థ స్థాపకులలో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరిట దీనిని ‘ఇనుప నియమం’ అంటారు. బూర అభిమానులు చిన్న పెట్టెను వదులుకున్నారు. 1954లో ఎడ్గర్ విల్చర్ ‘ఏ.ఆర్.-1’ అనే మూసిన పెట్టె స్పీకరుతో సామర్థ్యాన్ని వదులుకున్నాడు. పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగుగా వాడుకొని చిన్న పరిమాణంలో లోతైన ధ్వనిని సాధించాడు. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చౌక కాగానే ప్రపంచం ఆయన దారి పట్టింది. రంధ్రమున్న పెట్టెల లెక్కను 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తరువాత 1970ల తొలి సంవత్సరాలలో రిచర్డ్ స్మాల్ క్రమబద్ధం చేశారు. నేడు స్పీకరు డబ్బాతో వచ్చే కాగితం మీది కొలతలను వారి పేర్లతోనే పిలుస్తున్నాము.

అలాగని బూర వ్యర్థమని కాదు. మామూలు పెట్టెలో స్వరం సగానికి దిగితే, అంతే ధ్వనికోసం కోను నాలుగు రెట్లు దూరం కదలాలి. ఆ కదలికతో వికృతి పెరుగుతుంది. బూరలో కోను బహు స్వల్పంగా కదులుతుంది. తప్పెట దెబ్బ దెబ్బలాగే వినిపించడానికి కారణం ఇది. ఈ సుగుణం మధ్యస్థాయి, తారస్థాయి స్వరాలలోనూ దక్కుతుంది. అక్కడ బూర చిన్నది, ఖర్చు తక్కువ. కావున క్వార్టర్సులో నివసించేవారికి మా సలహా ఇది: 500 హెర్ట్జ్‌కు పైన బూర, దిగువన 12 అంగుళాల స్పీకరుతో మూసిన పెట్టె. పై బూరకు సామర్థ్యం హెచ్చు కనుక దాని స్థాయిని తగ్గించి కలుపుకోవాలి, లేదా రెండింటికీ వేరువేరు ఆంప్లిఫయర్లు వాడాలి.

కట్టి తీరుతామనేవారికి

మొదటిది, కారు సబ్‌వూఫరును బూరకు వాడవద్దు. దాని కోను బరువు. స్పీకరు కాగితంలోని ‘ఎఫ్.ఎస్.’ను రెట్టింపు చేసి ‘క్యూ.ఈ.ఎస్.’తో భాగించండి. వచ్చిన పౌనఃపున్యానికి పైన బూరలో ధ్వని తగ్గడం మొదలవుతుంది. ఎఫ్.ఎస్. 25, క్యూ.ఈ.ఎస్. 0.5 అయితే ఆ హద్దు 100 హెర్ట్జే. తేలికైన కోను, బలమైన అయస్కాంతం ఉన్న స్పీకరు కావాలి.

రెండవది, నమూనాను ‘హార్న్‌రెస్ప్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పరీక్షించండి. పిల్లల కంప్యూటరులో ఒక సాయంకాలం చాలు. గ్రాఫులో శిఖరాలు, లోయలు కనిపిస్తే ముఖం చాలలేదని అర్థం. చిన్న ముఖంతో ‘భారీ బేస్’ ఇస్తామని చెప్పే పెట్టెలు చాలావరకు ఒకటి రెండు స్వరాలనే మోగిస్తాయి. ఏ పాట వేసినా అదే ‘ధుం’ వినిపిస్తుంది.

మూడవది, చెక్క. 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డు వాడి, ప్రతి మడతకూ లోపల అడ్డుపట్టీలు బిగించాలి. పలక వణికితే ఆ వణుకే వినిపిస్తుంది. కీళ్లలో గాలి కారరాదు.

నాలుగవది ఖర్చులేనిది. గదికి కూడా స్వరాలుంటాయి. 4.8 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు గల గది సుమారు 36, 48 హెర్ట్జ్ వద్ద తానే మోగుతుంది. గోడకు ఆనించిన కుర్చీలో ఆ స్వరాలు ఉబ్బుతాయి, గది నడిమధ్య సన్నగిల్లుతాయి. కుర్చీని అరమీటరు జరిపి వినండి. ఉన్న స్పీకరునే మూలకు దగ్గరగా పెట్టి చూడండి. కొత్త స్పీకరు కొనవలసిన అవసరం చాలమందికి అక్కడితో తీరిపోవచ్చును.

గోడకు ఆవలివారు

మన టౌన్‌షిప్పులలో ఈ విషయం వదిలివేయదగినది కాదు. ఒకే గోడకు ఇటు మన సంగీతం, అటు రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రించే సహోద్యోగి. గోడ తారధ్వనిని బాగా ఆపుతుంది. పౌనఃపున్యం సగానికి దిగినప్పుడల్లా ఆ అడ్డగించే శక్తి సిద్ధాంతరీత్యా 6 డెసిబెల్ చొప్పున తగ్గుతుంది. పాట మాటలు మనవద్దే ఆగిపోయి, తాళం మాత్రం వారి మంచం దాకా వెళుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ పరిమితి విధించింది. రాత్రి అంటే 10 గంటలనుండి ఉదయం 6 వరకు. కానీ బాయిలరు వద్ద ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషికి మధ్యాహ్నం రెండు గంటలే రాత్రి. చట్టం చెప్పని ఆ గంటలను పొరుగువారిగా మనమే పాటించాలి.

ధ్వని తగ్గిస్తే మంద్రస్వరం మరీ పలచబడినట్లు తోస్తుంది. అది స్పీకరు దోషం కాదు, చెవి స్వభావం. ఆంప్లిఫయరులో ‘లౌడ్‌నెస్’ మీట ఉంటే అది ఈ లోటును కొంత పూరించడానికే. పొరుగింటివారి షిఫ్టు పట్టిక అడిగి తెలుసుకొని, పెద్దగా వినే వేళను దానినిబట్టి నిర్ణయించుకోవడం మరింత మంచి ఉపాయం.

వచ్చే సంచికలో మూసిన పెట్టె లెక్కను అంచెలంచెలుగా వివరిస్తాము. ఈలోగా పాఠకులు తమ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, తాము తరచుగా వినే పది పాటలను ఒక కాగితం మీద రాసుకొని సిద్ధంగా ఉండవలసిందిగా కోరుతున్నాము.