పటంలో లేని పేటకి పొట్లం ఎలా వస్తుంది?

ఫోను మ్యాపులో ద్రాక్షారామం అని కొట్టి చూడండి. భీమేశ్వరుడి గుడి వస్తుంది, లాడ్జీలు వస్తాయి, పెట్రోలు బంకు వస్తుంది. అక్కణ్ణుంచి డ్రెయిను గట్టు దాకా వేలు జరపండి. మా పేట ఉన్నచోట పేరూ లేదు, ఊరూ లేదు, ఉత్త పచ్చరంగు. మూడు తరాలుగా కాపురాలున్న చోటండి అది!

ఇదేదో ఫోను గొడవని తీసిపారెయ్యకండి. తుపానొచ్చినా వరదొచ్చినా ఇప్పుడు అధికారులు చూసేది పటమే. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నీళ్ళు ఎక్కడ నిలిచాయో ఉపగ్రహం బొమ్మల్తో గీసి ప్రభుత్వానికి పంపుతుంది. రాడారు ఉపగ్రహమైతే మబ్బుల్లోంచి కూడా చూస్తుంది. మంచిపనే, కాదనను. కానీ బయలు పొలంలో నీళ్ళు దొరికినంత తేటగా కొబ్బరితోటల కింద, ఇళ్ళ సందుల్లో నిలిచిన నీళ్ళు దానికి దొరకవు. మనం ఉండేదెక్కడ? అక్కడే కదా! మెరక ఊరికి, పల్లం మనకి అని పంచింది మాత్రం ఉపగ్రహం కాదు.

సరే, నీళ్ళు కనబడ్డాయే అనుకుందాం. ఆకలి కనబడుతుందా? రేషను షాపు అరకిలోమీటరని లెక్క. ఎవరి గుమ్మం నుంచి కొలిచారు? మధ్యలో కల్వర్టు కొట్టుకుపోతే అదే మూడు కిలోమీటర్ల చుట్టు. షాపు తీసినా కరెంటు, సిగ్నలు లేక వేలిముద్ర మిషను పనిచెయ్యదు. చేలు పడిపోతే కూలి లేదు. కూలి లేకపోతే కొట్లో ఉన్న ఉప్పూ చింతపండూ మనవి కావు. 1943 బెంగాలు కరువు గురించి అమర్త్య సేన్ చెప్పిందీ ఇదే: తిండి ఉండడం వేరు, మనిషికి అందడం వేరు.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారు. నేనప్పుడు బళ్ళో చదువుతున్నా. పులిహోర పొట్లాల లారీ ఊరి మధ్య ఆగింది. మా అమ్మ మొలలోతు నీళ్ళలో పడి వెళ్ళేసరికి ఖాళీ లారీ వెనక్కి తిరుగుతోంది. ఊరికి పొట్లాలు అందాయని కాగితం మీద రాసుకున్నారు. అబద్ధమేం కాదు, ఊరికి అందాయి. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు దళితుల్ని సహాయ శిబిరాల్లో కూడా వేరుపెట్టిన సంగతి హక్కుల సంఘాలు రాసిపెట్టాయి. ఉప్పెనకి కులం లేదంటారు. లారీకి ఉంది.

అందుకని పటం మనమే గియ్యాలి. 2010లో హైతీ భూకంపమప్పుడు ఎక్కడెక్కడో కూచున్న వాలంటీర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలో కొద్దిరోజుల్లోనే వీధులు గీసేశారు. సహాయ బృందాలు దాన్నే పట్టుకుని తిరిగాయి. మన పిల్లల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. పేట పేరు, గడపలెన్ని, ముందు మునిగే దారి, కల్వర్టు, షాపు, మెరకనున్న బడి, అన్నీ ఎక్కించండి. ఒంటరి ముసలమ్మలు, బాలింతలు ఉన్న ఇళ్ళు మాత్రం పదిమందీ చూసే పటంలో పెట్టొద్దు, సంఘం పుస్తకంలో రాసుకోండి.

తహసీల్దారుని ఒకటి అడగాలి. ఏ కార్డుకి ఏ రోజు బియ్యం ఇచ్చారో రేషను మిషనులో నమోదవుతుంది. తుపాను వెళ్ళిన వారంలో బియ్యం అందని కార్డులెన్నో ఊరివారీగా కాదు, పేటవారీగా తీసి చూపించమనండి.

మా పేట పటం ఏడో తరగతి ఆడపిల్లలు ఒక్క ఆదివారంలో అట్టమీద గీశారు. బడి తాళంచెవి దగ్గరే ఆగిపోయారు పాపం. మూడిళ్ళు తిరిగితేగాని అది ఎవరి దగ్గరుందో తెలియలేదు.