నాలుగో షిఫ్టు

ఉక్కు కొలిమికి విశ్రాంతి లేదు. సోవియట్ సహకారంతో నెలకొల్పిన భిలాయ్‌లో 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉక్కు కార్మికుడు మూడు షిఫ్టులలో వంతులవారీగా పనిచేసినా, అతని పనికి మొదలూ తుదీ ఉన్నాయి. వేకువ షిఫ్టుకు క్యారియర్ సర్ది, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన భర్త పగలు నిద్రించేందుకు పిల్లల అల్లరిని అదుపుచేసే ఇల్లాలి పనికి మాత్రం అవి లేవు. ఆమెది నాలుగో షిఫ్టు. దానికి హాజరుపట్టీ ఉండదు, ఓవర్‌టైమ్ అసలే ఉండదు.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనులు చేసే మహిళలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలే. 2019లో ఈ అంకెలు 299, 97. అంటే మహిళకు తగ్గిన పది నిమిషాలను పురుషుడు అందుకోలేదు సరికదా, తన వంతులోనూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నాడు! ఆ తగ్గుదల ఘనత మిక్సీకో గ్యాస్ పొయ్యికో దక్కాలిగానీ భర్తకు కాదు.

భిలాయ్‌ను 1990ల నుంచి అధ్యయనం చేసిన మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ గమనించిన విషయం ఇక్కడ ప్రస్తావనార్హం. పర్మినెంటు ఉద్యోగం దక్కిన కుటుంబాలలో స్త్రీలు క్రమంగా కూలిపని మాని గృహిణులయ్యారు. కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలోని స్త్రీలకు ఆ వెసులుబాటు లేదు. స్థానికులు 'రేజా'లని పిలిచే వీరు పగలు తట్టలు మోసి, సాయంత్రం పొయ్యి ముట్టించాలి. భిలాయ్‌కు ఇనుప ఖనిజాన్ని అందించిన దల్లీ రాజ్‌హరా గనులలోనూ చేతిపనిలో స్త్రీలు పెద్దసంఖ్యలో ఉండేవారు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం యంత్రీకరణను ప్రతిఘటించడానికి ఒక ముఖ్యకారణం యంత్రం ముందుగా మింగేది వీరి కూలినే కావడం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు స్త్రీలచేత పనిచేయించరాదన్నది. రక్షణ పేరిట విధించిన ఈ నిషేధం నిరంతరం నడిచే కర్మాగారంలో ఆమెకు పగటి షిఫ్టును మాత్రమే మిగిల్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి ఆ గడియ తీసింది. భద్రతా షరతులకు లోబడి, ఆమె సమ్మతితో రాత్రిపని చేయవచ్చు.

స్వాగతించదగినదే. అయితే సమ్మతి కాగితంపై సంతకంతో తేలేది కాదు. దంపతులిద్దరికీ ఒకే వారం రాత్రి షిఫ్టు పడితే పిల్లలను కనిపెట్టుకొని ఉండేదెవరు? ఆమె తెల్లవారి తిరిగివస్తే, నిన్న భర్త నిద్రకు కాపలా కాసినట్లు నేడు ఆమె నిద్రకు ఎవరు కాస్తారు? యాభైమందికి పైగా ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటుచేయాలని 2017లోనే చట్టాన్ని సవరించారు. రాత్రి పది గంటలకు ఆ కేంద్రం తలుపులు తెరిచి ఉంటాయో లేదో, షిఫ్టుల పట్టిక వేసే అధికారి ముందుగా చూడాలి. కార్మిక సంఘాలు సైతం బోనస్ చర్చలకు కూర్చున్నప్పుడు ఈ పట్టికనూ బల్లపై పెట్టాలి.